పాల్ స్కీన్స్‌ను ఇప్పుడే ట్రేడ్ చేయాలా? పిట్స్‌బర్గ్ పైరేట్స్ రోస్టర్‌పై చర్చ

మూడునదులు

ఈ 2025 నవంబరులో మన పిచ్చర్ పాల్ స్కీన్స్‌కు నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు వచ్చింది. ఓటు వేసినవారిలో ఒక్కరు కూడా అతణ్ణి రెండో స్థానంలో పెట్టలేదు. 1.97 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు), 216 స్ట్రైకౌట్లు. ఆ సంతోషం ఇంకా చల్లారనేలేదు, అతణ్ణి ఇచ్చేసి బ్యాటర్లను తెచ్చుకోవాలన్న మాట మొన్న ఆదివారం గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటూ మన తెలుగువాళ్ల నోటే విన్నాను. అక్కడ జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అతని గెలుపోటములు 10-10. మే 18న ఫిలడెల్ఫియాలో మన తరఫున ఎనిమిది ఇన్నింగ్స్ అతనొక్కడే వేశాడు, ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు, 1-0తో ఓడిపోయాడు. ఆ ఓటమి ముప్పై జట్లలోనూ అతి తక్కువ హోమ్ రన్లు కొట్టిన మన బ్యాటింగ్‌ది. ఇల్లు కారుతోందని పునాదిరాళ్లు అమ్మి పెంకులు కొంటామా? అతను 2029 సీజన్ చివరిదాకా మనవాడే. 2025లో అతని మూలవేతనం పది లక్షల డాలర్లు కూడా లేదు. ఇంత చవకగా ఇంత గొప్ప పిచ్చర్ దొరికిన కాలంలో మిగతా జట్టును కొనాలి గానీ, ఇతణ్ణే అమ్మడం ఏమిటి?

లెక్కలమాస్టారు

మూడునదులు గారి బాధ అర్థమైంది గానీ లెక్క అర్థం కాలేదు. 2025లో మనం 71 గెలిచి 91 ఓడాం. 2024లో, స్కీన్స్ రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయిన ఏడాది, 76-86. అతను రాకముందు 2023లో కూడా సరిగ్గా 76-86. స్టార్టర్, అంటే ఆట మొదలుపెట్టే పిచ్చర్, అయిదారు రోజులకొకసారి బంతి పట్టుకుంటాడు, మిగతా రోజుల్లో షార్ట్‌స్టాప్, అవుట్‌ఫీల్డ్ ఎలా ఉన్నాయన్నదే ఫలితాన్ని తేలుస్తుంది.

రెండో సంగతి మోచేయి. జారెడ్ జోన్స్ 2024లో స్కీన్స్ పక్కన సమానంగా వెలిగిన కుర్ర పిచ్చర్. మే నెలలో మోచేతికి శస్త్రచికిత్స జరిగి 2025 సీజన్ మొత్తం పోయింది. వందమైళ్ల వేగంతో బంతి విసిరే ఏ చేతికీ ఎవరూ పూచీ పడలేరు.

మూడోది ధర. 2018 జనవరిలో పిచ్చర్ గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు పంపినప్పుడు అతను మన చేతిలో ఉండేది ఇక రెండు సీజన్లే. అందుకే జో మస్‌గ్రోవ్, కాలిన్ మొరాన్, మైకేల్ ఫెలీజ్, జేసన్ మార్టిన్‌లతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్కీన్స్‌కు నాలుగు సీజన్లున్నాయి. అడిగినంత ధర పలికేది ఇప్పుడే. 2027 నుంచి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి జీతం తేల్చే పద్ధతి) మొదలై జీతం ఏటేటా పెరుగుతుంది, విలువ ఏటేటా తరుగుతుంది. ఈ యాజమాన్యం అతనికి దీర్ఘకాలపు ఒప్పందం ఇవ్వదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నల్లపసుపు

వచ్చే సీజన్‌లో స్కీన్స్ ఇక్కడే ఉంటాడని జనరల్ మేనేజర్ బెన్ చెరింగ్టన్ చెప్పాడు కదండీ. మళ్లీ ఎందుకీ చర్చ?

మూడునదులు

ధర గురించి లెక్కలమాస్టారు గారు చెప్పినందుకు నాకు 2018 జులై 31 గుర్తుకు వచ్చింది. పిచ్చర్ క్రిస్ ఆర్చర్ ఒక్కడి కోసం టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్‌లను టాంపా బేకి ధారపోశాం. మరుసటి ఏడాదే మెడోస్ ఆల్‌స్టార్ అయ్యాడు. గ్లాస్‌నౌ 2020 వరల్డ్ సిరీస్‌లో టాంపా తరఫున మొదటి ఆట మొదలుపెట్టాడు. మన చేతిలో ఉన్నవాడి విలువే మనకు తెలియనప్పుడు, ఎదుటివాడి మైనర్ లీగ్‌లో (కుర్రవాళ్లు తయారయ్యే కింది స్థాయి జట్లలో) ఉన్న పంతొమ్మిదేళ్ల కుర్రవాడి విలువ ఎలా తెలుస్తుంది?

లెక్కలమాస్టారు

ఆర్చర్ ట్రేడ్ ఇక్కడ ఉదాహరణగా పనికిరాదు. అప్పుడు మనం కొన్నాం, నేను చెబుతున్నది అమ్మకం. పైగా అది నీల్ హంటింగ్టన్ హయాం. 2019 నవంబరు నుంచి ఆ కుర్చీలో ఉన్నది చెరింగ్టన్.

మూడునదులు

కుర్చీ మారితే కళ్లు మారాయా? మన మూడో బేస్ ఆటగాడు కెబ్రయన్ హేస్‌కు 2022 ఏప్రిల్‌లో ఎనిమిదేళ్లకు 7 కోట్ల డాలర్లు ఇచ్చింది చెరింగ్టనే. 2025 జులైలో అతణ్ణి మన డివిజన్‌లోనే ఉన్న సిన్సినాటికి పంపిందీ ఆయనే.

లెక్కలమాస్టారు

హేస్ బ్యాట్ పని చేయలేదు, నడుము నొప్పి వదలలేదు. పొరపాటని తెలిశాక వదిలించుకోవడం తప్పెలా అవుతుంది? మళ్లీ చెబుతున్నాను, ఆర్చర్ ట్రేడ్ కొనుగోలు. దానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

కొత్తప్రేక్షకుడు

నేను హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్లే అయింది, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. ఇదంతా చదువుతుంటే మన సన్‌రైజర్స్ జ్ఞాపకం వస్తోంది. 2016లో ఐపీఎల్ కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేసి, ఆ తరవాత జట్టులోంచే పంపేసినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. ఇక్కడ కూడా వేలంపాట, రిటెన్షన్ లాంటివి ఉంటాయా?

లెక్కలమాస్టారు

ఉండవు. అసలు తేడా అక్కడే ఉంది. ఐపీఎల్‌లో అన్ని ఫ్రాంచైజీలకూ పర్సు ఒకటే. మేజర్ లీగ్‌లో జీతాల మీద పరిమితి లేదు, ఒక హద్దు దాటితే పన్ను మాత్రమే కట్టాలి. లాస్ ఏంజిలిస్‌కు, న్యూయార్క్‌కు టీవీ హక్కుల మీద వచ్చే డబ్బు పిట్స్‌బర్గ్‌కు కలలో కూడా రాదు. జట్లన్నీ తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఒక కుండలో పోసి సమానంగా పంచుకుంటాయి, అయినా ఆ అంతరం పూడదు. ఆటగాడు మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తి చేస్తే ఫ్రీ ఏజెంట్ అవుతాడు, అంటే ఏ జట్టుకైనా వెళ్లొచ్చు. అందులో సాధారణంగా మొదటి మూడేళ్లు జట్టు ఇచ్చిందే జీతం, తరవాతి మూడేళ్లు మధ్యవర్తి తేల్చింది జీతం. చిన్న నగరాల జట్లు బతికేది ఆ ఆరేళ్ల మీదే. 1992 సీజన్ ముగిశాక బారీ బాండ్స్ 4 కోట్ల 37 లక్షల డాలర్ల ఒప్పందంతో శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోతే మనకు ప్రతిగా ఆటగాడు ఒక్కడూ రాలేదు. 1993 నుంచి 2012 దాకా వరసగా ఇరవై సీజన్లు గెలుపులకంటే ఓటములే ఎక్కువ.

మిల్వాకీవాసి

మాది మీకంటే చిన్న ఊరు. మా పిచ్చర్లు కార్బిన్ బర్న్స్‌ను 2024 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌కు, డెవిన్ విలియమ్స్‌ను అదే డిసెంబరులో యాంకీస్‌కు ఇచ్చేశాం. 2025లో 97 ఆటలు గెలిచాం, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఏడుస్తూనే పంపాం గానీ పంపాం.

లెక్కలమాస్టారు

మిల్వాకీవాసి గారు నా పని తేలిక చేశారు.

మూడునదులు

తేలిక చేయలేదు. బర్న్స్‌కు మిగిలింది ఒకే ఒక్క సీజన్, విలియమ్స్‌కూ ఒకే ఒక్క సీజన్. ఫ్రీ ఏజెంట్ కాబోయేవాణ్ణి ఆఖరి ఏడాదిలో పంపడం వేరు, నాలుగేళ్లున్న సై యంగ్ విజేతను పంపడం వేరు. మీ వాదనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ కావాలంటే వాషింగ్టన్‌ను చూడండి. 2022లో తమ స్టార్ బ్యాటర్ వాన్ సోటోను, రెండేళ్లకు పైగా గడువుండగానే ఇచ్చి, అబ్రమ్స్, గోర్, వుడ్ లాంటి కుర్రవాళ్లను తెచ్చుకున్నారు. ఆ ముగ్గురూ ఆల్‌స్టార్లయ్యారు. అంతకంటే మంచి బేరం ఈ మధ్య ఎవరూ చేయలేదు. అయినా 2025లో ఆ జట్టు 66-96.

ఇక మన బేరాల సంగతి. కోల్‌ను ఇచ్చి మస్‌గ్రోవ్‌ను తెచ్చాం. 2021 జనవరిలో మస్‌గ్రోవ్‌ను శాన్‌డియేగోకు పంపాం. మూడు నెలలు తిరగకుండానే అతను ఆ జట్టు చరిత్రలో మొట్టమొదటి నో-హిట్టర్ (ఎదుటి జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వని ఆట) వేశాడు. అతనికి బదులు వచ్చినవాళ్లలో డేవిడ్ బెడ్నార్ ఉన్నాడు, పిట్స్‌బర్గ్‌కు పక్కనే ఉన్న మార్స్ అనే చిన్న ఊరి పిల్లవాడు, రెండుసార్లు ఆల్‌స్టార్. 2025 జులై 31న అతణ్ణి కూడా యాంకీస్‌కు ఇచ్చి మళ్లీ కుర్రవాళ్లనే తెచ్చాం. కోల్ మస్‌గ్రోవ్ అయ్యాడు, మస్‌గ్రోవ్ బెడ్నార్ అయ్యాడు, బెడ్నార్ ఇప్పుడు మైనర్ లీగ్‌లో పేర్లయ్యాడు. ఈ ఎనిమిది సీజన్లలో మనం పోస్ట్‌సీజన్ (సీజన్ ముగిశాక మేటి జట్ల మధ్య జరిగే పోటీ) ఆట ఒక్కటి కూడా ఆడలేదు. ఇప్పుడు నాలుగో చీటీ రాయమంటున్నారు మీరు.

ఇంకొక మాట. మా అబ్బాయికి ఏడో పుట్టినరోజుకు అప్పటి మన స్టార్ మెకచన్ జెర్సీ కొన్నాను, నెల తిరగకముందే అతణ్ణి పంపించారు. మార్టే జెర్సీ కొన్నాను, అతను అరిజోనా వెళ్లాడు. జాష్ బెల్ జెర్సీ కొన్నాను, అతను వాషింగ్టన్ వెళ్లాడు. ఇప్పుడు వాడికి పదిహేనేళ్లు రాబోతున్నాయి. స్కీన్స్ జెర్సీ కొంటానంటే, వద్దు నాన్నా, పేరు లేనిది కొను అన్నాడు.

లెక్కలమాస్టారు

జెర్సీ వాదన కాదు. మీరు ఏడ్చిన ఆ మెకచన్ ట్రేడ్‌లోనే బ్రయన్ రేనల్డ్స్ వచ్చాడు. ఆల్‌స్టార్ అయ్యాడు, 2023లో 10 కోట్ల 67 లక్షల డాలర్ల ఒప్పందం, అప్పటికి ఈ జట్టు చరిత్రలో అతి పెద్దది, సంతకం చేశాడు. దాన్ని మీరు మీ గొలుసులో చేర్చలేదు. మీకు నచ్చినవే లెక్కిస్తున్నారు.

గట్టిగా చెబుతున్నందుకు ఏమనుకోకండి. ఈ జట్టు ఇలా ఉండడానికి మీలాంటివారూ కారణమే. ప్రతి ఏప్రిల్‌లోనూ సీజన్ టికెట్లు కొంటారు, జెర్సీలు కొంటారు, స్కీన్స్ బంతి వేసే రోజున స్టేడియం నింపుతారు. గెలిచినా ఓడినా జనం వస్తున్నప్పుడు యజమాని బాబ్ నటింగ్ జేబులోంచి డబ్బు ఎందుకు తీయాలి?

పెన్‌హిల్స్ పెద్దాయన

ఇద్దరూ కొంచెం నెమ్మదించండి. నేను వచ్చిన మూడో ఏట, 1979లో, ఈ జట్టు వరల్డ్ సిరీస్ గెలవడం చూశాను. అదే ఆఖరిది. ఒక్క సంగతి గుర్తు చేస్తాను. 1954లో బ్రుక్లిన్ డాడ్జర్స్ తమ మైనర్ లీగ్‌లో కాపాడుకోకుండా వదిలేసిన ఒక కుర్రవాణ్ణి, లీగ్‌లో అట్టడుగున ఉన్న మనవాళ్లు డ్రాఫ్ట్‌లో 4,000 డాలర్లకు తీసుకున్నారు. అతను రొబెర్టో క్లెమెంటే. మొదటి ఏడాది బ్యాటింగ్ సగటు .255 మాత్రమే. పద్ధెనిమిది సీజన్లు ఇక్కడే ఆడాడు, సరిగ్గా 3,000 హిట్లు కొట్టాడు, రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిపించాడు. పెద్ద జట్టు పోగొట్టుకున్నదాన్ని పట్టుకోవడం, పట్టుకున్నాక వదలకపోవడం ఈ ఊరికి ఒకప్పుడు తెలుసు.

మూడునదులు

పెద్దవారు చెప్పారు కాబట్టి నెమ్మదిగానే రాస్తాను. మాస్టారు గారూ, మీరు నన్ను నొప్పించారు, అయితే అసలు విషయం దగ్గరికి తెచ్చారు కూడా.

నిరుడు నేను పదకొండేళ్లు పనిచేసిన కంపెనీ నన్ను పంపించేసింది. పని రాదని కాదు. నా ఒక్కడి జీతానికి ఇద్దరు కొత్తవాళ్లు వస్తారని. ఆ కాగితంలో వాడిన మాటలూ, మీరు స్కీన్స్ గురించి వాడుతున్న మాటలూ ఒకటే: విలువ తరగకముందు, సరైన సమయం, దీర్ఘకాలిక ప్రయోజనం. మీరు మొదటి పోస్టు నుంచీ, ఈ యాజమాన్యం ఒప్పందం ఇవ్వదు, కాబట్టి అమ్మాలి అంటున్నారు. యజమాని పిసినారితనాన్ని వానాకాలంలో వానలా, దానికి ఎవరి బాధ్యతా లేనట్టు ముందే ఒప్పేసుకుని, ఆ తరవాత లెక్క వేస్తున్నారు. నేను ఒప్పుకోనిది మీ లెక్కను కాదు, ఆ మొదటి వాక్యాన్ని. కాన్సస్ సిటీ మనకంటే పెద్ద ఊరేం కాదు. 2023లో 106 ఆటలు ఓడిపోయింది. ఆ చలికాలంలోనే తన కుర్ర స్టార్ బాబీ విట్‌కు పదకొండేళ్లకు 28 కోట్ల 87 లక్షల డాలర్లు రాసిచ్చింది, పిచ్చర్లు లూగోను, వాకాను కొనుక్కుంది. 2024లో 86 గెలిచి పోస్ట్‌సీజన్ ఆడింది.

లెక్కలమాస్టారు

మీ ఉద్యోగం సంగతి నాకు తెలియదు. మిమ్మల్ని ఆ మాట అన్నందుకు క్షమించండి.

నా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. 2013 అక్టోబరు 1న సిన్సినాటితో వైల్డ్ కార్డ్ ఆటకు (పోస్ట్‌సీజన్‌లో మొదటి మెట్టు) నేను స్టేడియంలో ఉన్నాను. అందరూ నల్లబట్టలు వేసుకొచ్చారు. నలభై వేల గొంతులు సిన్సినాటి పిచ్చర్ క్వేటో పేరును సాగదీసి పిలుస్తుంటే మౌండ్ మీద అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది. తరవాతి బంతినే మన రస్సెల్ మార్టిన్ ఎడమవైపు స్టాండ్లలోకి కొట్టాడు. నా పక్కన ఉన్న ముక్కూ మొహం తెలియని ముసలాయన నన్ను కావలించుకుని ఏడ్చాడు. అలాంటి రాత్రి ఇంకొక్కటి చూడాలని పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాను. ఈ యజమాని మారతాడని ఆశపడే వయసు నాకు దాటిపోయింది, నాకిప్పుడు అరవై ఎనిమిది. మీరు న్యాయం కోసం ఆగగలరు, నేను ఆగలేను. వాదన అంతా దీని గురించే అని మీ పోస్టు చదివాకే నాకూ తెలిసింది.

నల్లపసుపు

మరి మిచ్ కెల్లర్‌ను గాని, కుర్ర పిచ్చర్లలో ఒకణ్ణి గాని ఇచ్చి బ్యాటర్‌ను తేవచ్చు కదా? బబ్బా చాండ్లర్, ఆష్‌క్రాఫ్ట్, బార్కో, వచ్చే ఏడాది జోన్స్. మన దగ్గర మిగులు ఉన్నదే అక్కడ.

లెక్కలమాస్టారు

కెల్లర్‌కు నడిమి ఆర్డర్ బ్యాటర్ రాడు. చాండ్లర్‌కు రావచ్చు. దానికి నేను అడ్డు చెప్పను.

మూడునదులు

చాండ్లర్‌ను ఇస్తే, వచ్చేవాడు కనీసం మూడేళ్లు మన దగ్గర ఉండేవాడై ఉండాలి. ఆ షరతు మీద ఒప్పుకుంటాను. ఆర్చర్ విషయంలో మాత్రం ఒప్పుకోను.

లెక్కలమాస్టారు

అది కొనుగోలేనండీ.