325 వోల్టుల మోటార్ డ్రైవర్‌లో కంట్రోల్ బోర్డుకి 15, 5 వోల్టులు ఎక్కణ్ణుంచి?

ప్రశ్న (గుణుపురం):
త్రీఫేజ్ మోటారుని ఇంటి సింగిల్ ఫేజ్ మీద తిప్పడానికి డ్రైవర్ కడుతున్నా. 230 ఏసీని రెక్టిఫై చేస్తే (డీసీగా మారిస్తే) డీసీ బస్, అంటే మోటారుకి పవరిచ్చే ప్రధాన లైను, 325 వోల్టులు. పవర్ స్విచ్‌లని ఆన్, ఆఫ్ చేయించే గేట్ డ్రైవర్ చిప్ ఐఆర్2110కి 15, మైక్రోకంట్రోలర్‌కి 5 కావాలి, అన్నీ కలిపి 50 మిల్లీఆంపులు. బస్ నుంచే ఒక రెసిస్టరు, ఒక జీనరు (వోల్టేజీని ఒకచోట నిలబెట్టే డయోడు) పెట్టేస్తే సరిపోదా అన్నా? సాయంత్రమైతే మాకు ఇంటి వోల్టేజీ 160కి దిగిపోతుంది, అదో టెన్షన్.

జవాబు (పర్లాకిమిడి):
వద్దు తమ్ముడూ. 310 వోల్టులు ఆ రెసిస్టరే మింగాలి, అంటే 15 వాట్లు పైనే, దోసె పెనంలా కాలుతుంది. పోనీ 6.2 కిలోఓములు వేశావనుకో, 160 ఏసీకి బస్ 225కి పడి వచ్చేది 34 మిల్లీఆంపులే. 85 నుంచి 265 వోల్టుల ఏసీ దాకా తీసుకునే చిన్న 15 వోల్టుల ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) మాడ్యూల్ పెట్టు, 5కి దాని వెనక 7805 రెగ్యులేటర్ చాలు.

జవాబు (బరంపురం):
మాడ్యూల్ ఐసొలేటెడే, అంటే దాని అవుట్‌పుట్‌కి మెయిన్స్‌తో నేరుగా కనెక్షన్ ఉండదు, కానీ ఐఆర్2110 గ్రౌండుని బస్ నెగెటివ్‌కి కలిపిన క్షణం ఆ రక్షణ పోయినట్టే, బోర్డంతా లైవ్, ముట్టుకుంటే షాకే. లాప్‌టాప్ యూఎస్‌బీ నేరుగా గుచ్చకు, మధ్యలో ఐసొలేటర్ ఉండాల్సిందే. ఇంకోటి, పై స్విచ్ గేటుకి పవరిచ్చే బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ దాని కింది స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడే చార్జ్ అవుతుంది, అందుకే స్టార్టింగ్‌లో ముందు కింది మూడు స్విచ్‌లూ కాసేపు ఆన్ చెయ్యి.

గుణుపురం:
అయితే స్పీడ్ మార్చే పాట్ (చేత్తో తిప్పే రెసిస్టరు) కూడా లైవేనా?

బరంపురం:
అవును. ప్లాస్టిక్ షాఫ్టుదే కొను.