సౌండ్ పోనుపోను వెనకబడిపోతోంది, ఎవరైనా చూసి చెప్పండి ప్లీజ్

వెన్నెల గూడు:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు తెల్లవారుజామున నాలుగవుతోంది, ఇంక నా వల్ల కావట్లేదు. మేం ఆరుగురం కలిసి ఒక ఇండిపెండెంట్ సినిమా తీస్తున్నాం. అందులో భోజనాల సీన్ ఒకటుంది, సినిమాకి ప్రాణం అదే. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చిన కూతురు ఆ మాట ఇంట్లో చెప్పాలి, నాన్న రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, తల ఎత్తకుండా పెరుగన్నం కలుపుకుంటూనే ఉంటాడు, అమ్మ వడ్డిస్తూ ఒకసారి ఈయన మొహం ఒకసారి పిల్ల మొహం చూస్తుంటుంది. కట్ లేకుండా 11 నిమిషాలు ఒకటే టేక్. మొదట్లో మాటలు పెదాలకి కరెక్టుగా కూర్చుంటున్నాయి, పోనుపోను వెనకబడుతున్నాయి. చివర్లో నాన్న కంచం నెట్టేసి లేచిపోతాడు, బొమ్మలో కంచం గోడకి తగిలి ఆగిపోయాక అప్పుడు వినిపిస్తోంది ఖంగుమని. చివర సరిచేస్తే మొదలు పోతోంది, మొదలు సరిచేస్తే చివర పోతోంది. ముక్కలుగా కోసి జరిపి కూడా చూశా, కోసిన చోటల్లా మనిషి ఊపిరి తెగిపోతోంది. మళ్ళీ తీద్దామంటే ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు వంటిల్లు పడగొట్టారు కూడా. ఏం చెయ్యాలి?

ఎడిటింగ్ బల్ల:
ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఫ్రేములు, ఎంత? ఏ సాఫ్ట్‌వేర్?

గోలీ సోడా:
ఫోన్‌తో తీశారు కదా, అదే మీ సమస్య. ఫోన్ ఒకే స్పీడులో రికార్డ్ చెయ్యదు, వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గిస్తుంది పెంచుతుంది, దాన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. హ్యాండ్‌బ్రేక్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వీడియో ట్యాబ్‌లోకి వెళ్ళి కాన్‌స్టాంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి ఫైల్ మళ్ళీ తయారు చేసుకోండి, క్వాలిటీ స్లైడర్ మాత్రం కాస్త మంచివైపు జరపండి లేకపోతే నీడలన్నీ మసకబారతాయి. మా షార్ట్ ఫిల్మ్‌కి రెండు రోజులు ఏడ్చాక తెలిసింది నాకు ఇది.

మైక్ మావయ్య:
అమ్మాయ్, ముందుగా ఒక మాట. భోజనాల సీన్ లొకేషన్ సౌండ్‌తో తీశావు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. మనవాళ్ళకి అన్నీ డబ్బింగ్ థియేటర్లో చూసుకుందాంలే అన్న అలవాటు ఉంది. నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడే గొంతు డబ్బింగ్‌లో రాదమ్మా, చేతిలో అన్నం లేకుండా మైకు ముందు నిలబడి చెప్తే అది భోజనం చేస్తున్న మనిషి గొంతులా ఉండదు. తండ్రి మింగి, ఆగి, అప్పుడు "ఊఁ" అంటాడు చూడు, ఆ మింగటంలో ఉంది కోపమంతా. నేను చేసిన లొకేషన్లలో ముందు ఫ్యాన్ ఆపిస్తా, తర్వాత ఫ్రిజ్ ఆపించి నా బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పడేస్తా. వెళ్ళేటప్పుడు తాళాల కోసం ఫ్రిజ్ తెరుస్తాం కదా, స్విచ్ వెయ్యటం మర్చిపోం, ఆ ఇంటివాళ్ళ పాలు విరిగిపోవు. ఇంకోటి, సీన్ అయ్యాక అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు పట్టావా? పట్టకపోతే రేపు మిక్సింగ్‌లో మాటకీ మాటకీ మధ్య ఏం నింపుతావు?

పాత రీలు:
ఇండిపెండెంట్ అనే మాట వాడేముందు కాస్త ఆలోచించాలి అందరూ. చిన్న సినిమా వేరు, ఆర్ట్ సినిమా వేరు, ఇండిపెండెంట్ వేరు. డబ్బు ఎవరిది, చివరి మాట ఎవరిది అన్నదే లెక్క. అమెరికా దర్శకుడు జాన్ కసావెటీస్ 1974లో వచ్చిన 'ఎ ఉమన్ అండర్ ది ఇన్‌ఫ్లుయెన్స్' కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు, స్నేహితుల దగ్గర డబ్బు తీసుకున్నాడు. భార్యాభర్తలు, పిల్లలు, ఇంటినిండా చుట్టాలు, అందులోనూ భోజనాల బల్లే యుద్ధరంగం. అదీ ఇండిపెండెంట్ అంటే. మన దగ్గర 'హైదరాబాద్ బ్లూస్' 1998లో వచ్చింది, అమెరికాలో ఇంజినీరుగా చేసి దాచుకున్న డబ్బుతో 17 లక్షల్లో 17 రోజుల్లో తీశాడు నగేష్ కుకునూర్.

వెన్నెల గూడు:
సారీ అందరికీ, ఫోన్ కాదు. ఫ్రెండ్ దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా తెచ్చాం. సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్, ఫ్రీ వెర్షన్. కెమెరా మెనూలో 24 పెట్టాం, ప్రాజెక్ట్ కూడా 24. సౌండ్ వేరే రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్‌లో పట్టాం, కాలర్ మైకులు రెండు, పైనుంచి కర్రకి కట్టిన బూమ్ మైకు ఒకటి. మావయ్య గారూ, ఖాళీ గది చప్పుడు పట్టాం, 40 సెకన్లే, ఆ తర్వాత వీధిలో ఉల్లిపాయల బండి వచ్చింది.

గోలీ సోడా:
అయితే హ్యాండ్‌బ్రేక్ మాట మర్చిపోండి, ఫోన్ అనుకున్నా.

తూరుపు గాలి:
@పాత రీలు 'కేరాఫ్ కంచరపాలెం' సంగతేంటి మరి? 2018లో వచ్చింది, ఆ ఊళ్ళోనే తీసి, ఎక్కువమందిని ఆ ఊరివాళ్ళనే పెట్టి నటింపజేశారు, డబ్బు పెట్టింది అమెరికాలో గుండె డాక్టరు. రిలీజ్ టైముకి సురేష్ ప్రొడక్షన్స్ ముందుకొచ్చింది. పెద్ద బ్యానర్ పేరు పడింది కాబట్టి ఇండిపెండెంట్ కాదంటారా? మాది వైజాగే, ఆ సినిమా మా ఇంట్లో మనిషిలాంటిది, దాన్ని పక్కన పెడితే ఒప్పుకోను.

పాత రీలు:
పక్కన పెట్టలేదండి. తీసేటప్పుడు ఎవరి చెయ్యీ లేదు, కాబట్టి తియ్యటంలో ఇండిపెండెంట్, పంపిణీలో కాదు. 'పథేర్ పాంచాలీ'కి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది, మరి దాన్నేమంటారు? అందుకే పదాలు జాగ్రత్తగా వాడాలంటున్నా. ఇంట్లో గొడవలే చూడాలంటే 2004లో 'గ్రహణం' చూడండి, చలం గారి 'దోషగుణం' కథ, దర్శకుడి తొలి సినిమాకిచ్చే జాతీయ అవార్డు వచ్చింది. అనుమానం ఒక ఇంటిని ఎలా తినేస్తుందో అందులో ఉంది.

ఎడిటింగ్ బల్ల:
మెనూలో 24 అని ఉన్నా చాలా కెమెరాల్లో నిజంగా పడేది 23.976. క్లిప్ యాట్రిబ్యూట్స్, అంటే రిజాల్వ్‌లో క్లిప్ ఫ్రేమ్ రేట్ మార్చే చోటు, ముట్టుకున్నారా?

వెన్నెల గూడు:
ముట్టుకున్నా. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఫ్రేమ్ రేట్ కలవట్లేదు అని బాక్స్ వచ్చింది, నేను వద్దని నొక్కి, ఎవరో వీడియోలో చెప్తే క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి 24కి మార్చేశా. మూడు నెలల కిందటి మాట అది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు, అందుకే రాయలేదు.

ఎడిటింగ్ బల్ల:
అదే. 23.976లో పడ్డ బొమ్మని 24లో ఆడిస్తున్నారు. బొమ్మ 0.1 శాతం తొందరగా పరిగెడుతోంది. 11 నిమిషాలు అంటే 660 సెకన్లు. తేడా 0.66 సెకను. 16 ఫ్రేములు. లెక్కపెట్టండి.

వెన్నెల గూడు:
కంచం దగ్గర లెక్కపెట్టా. సరిగ్గా 16. దేవుడా.

గోలీ సోడా:
అయితే క్లిప్ యాట్రిబ్యూట్స్‌లో మళ్ళీ 23.976కి మార్చెయ్యండి, 24 టైమ్‌లైన్‌లో కూడా అసలు స్పీడులోనే ఆడుతుంది, దాదాపు 42 సెకన్లకి ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది, అది కంటికి తెలియదు. ప్రాజెక్ట్‌ని మార్చాలని మాత్రం చూడకండి, ఫుటేజ్ తెచ్చాక రిజాల్వ్ ఆ ఫ్రేమ్ రేట్‌ని లాక్ చేసేస్తుంది.

ఎడిటింగ్ బల్ల:
వద్దు. మూడు నెలల ఎడిట్ ఉంది. ఇప్పుడు మారిస్తే కట్ పాయింట్లు జరగొచ్చు. సౌండ్ స్పీడ్ 100.1 శాతం పెట్టండి. చాలు.

మైక్ మావయ్య:
సౌండ్ ముట్టుకోవద్దమ్మా, గొంతు మారుతుంది. తండ్రి గొంతు తండ్రిదే ఉండాలి.

ఎడిటింగ్ బల్ల:
సా నుంచి చిన్న రి దాకా దూరాన్ని 100 భాగాలు చేస్తే మారేది 2 భాగాల కన్నా తక్కువ. ఏ చెవికీ అందదు.

మైక్ మావయ్య:
లెక్క సరే, నాకు మనసొప్పదు. 11 నిమిషాలు ఊపిరి బిగబట్టి చేసిన మనుషుల గొంతు అది. ముందు ఒక కాపీ తీసుకుని ఆ కాపీ మీద చెయ్యి, అసలుది అలాగే ఉంచు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అమ్మ గిన్నె కింద పెట్టే చప్పుడు దగ్గర విను, లోహం చప్పుడు దగ్గరే ముందు దొరుకుతుంది తేడా.

తూరుపు గాలి:
ప్రభుత్వం డబ్బిచ్చినా చివరి మాట దర్శకుడిదే అయితే ఇండిపెండెంటే అని నేనంటా. మీరే కదా పైన ఆ లెక్క చెప్పారు.

పాత రీలు:
డబ్బు ఎవరిది అని కూడా అన్నాను. రెండూ కలిస్తేనే. సాయంత్రం వివరంగా రాస్తా.

వెన్నెల గూడు:
కాపీ తీసుకుని 100.1 పెట్టా. కంచం గోడకి తగిలినప్పుడే మోగింది. అమ్మ గిన్నె కూడా సరిపోయింది. మిగతా సీన్లు రేపు చూస్తా, థ్యాంక్సండి అందరికీ, పడుకుంటున్నా.

నల్లరేగడి:
నాదీ ఇదే సమస్య అండి కానీ నాకు మొదటి నుంచీ ఒకే తేడా ఉంది, పోనుపోను పెరగట్లేదు, అక్కాచెల్లెళ్ళు బావి దగ్గర మాట్లాడుకునే సీను, క్లాప్ కొట్టలేదు. ఎలా సరిచెయ్యాలి?