బిల్లు మీద సొంత పేరా, గ్రాఫిక్స్ పేరా?

సంచి డిజైనర్ (మిర్యాలగూడ): ఇంటి నుంచే డిజైన్ పని చేస్తున్నాను, ఎక్కువగా రైస్ మిల్లుల సంచులు. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక చాలా మిల్లులు 26 కిలోల సంచికి మారాయి గదా. ఆ '25'ను '26' చేసే పనితోనే నా బతుకుదెరువు మొదలైంది. బిల్లు ఇప్పటిదాకా నా పేరు మీదే. మొన్న ఒక గుమాస్తా "ఫర్మ్ పేరు లేదా?" అన్నాడు. ఎప్పుడు పెట్టుకోవాలి?

కోరల్ మామ (నల్లగొండ): వద్దు తమ్మీ. పేరు పెట్టావనుకో, మిల్లు సేటు ఆ పేరు మీదే చెక్కు రాస్తాడు. నీ సేవింగ్స్ ఖాతాలో అది పడదు. కరెంట్ ఖాతా తెరవాలి, మినిమం బ్యాలెన్స్ ఉంచాలి. నెలకు నాలుగు సంచులు గీసేవాడికి ఈ తిప్పలెందుకు?

పాలమూరు గీత: ఉద్యం అని చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదన్నా. ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. కరెంట్ ఖాతాకు అది పనికొస్తుంది, బ్యాంకు ఇంకో రుజువు అడిగినా అడగొచ్చు. ఒక్కరే నడిపే సంస్థకు వేరే పాన్ ఉండదు, డబ్బు ఇచ్చేటప్పుడే పన్ను (టీడీఎస్) కోసినా మన పాన్ మీదే పడుతుంది. సేవలకు జీఎస్టీ కూడా ఏడాదికి 20 లక్షలు దాటితేనే. తెలిసినవాళ్లు చెబితే వచ్చే పనికి సొంత పేరు చాలు. ముక్కూమొహం తెలియనివాళ్లు నంబర్ చూసి ఫోన్ చేయడం మొదలైతే మాత్రం సంస్థ పేరు పెట్టాలి.

రాత్రి డ్యూటీ: ఫోన్‌పే కొడితే ఎలాగూ అసలు పేరే కనిపిస్తుంది 😂

కోరల్ మామ: చెక్కు సంగతి దాటేశావు. మా దోస్తుకు ఒకాయన 'గ్రాఫిక్స్' బదులు 'గ్రాఫిక్' అని చెక్కు రాశాడు. ఆరు వారాలు తిరిగాడు.

పాలమూరు గీత: అది రాసినోడి తప్పు.

అను ఫాంట్ బాధితుడు: మధ్యలో వచ్చినందుకు సారీ. అనులో కొట్టిన పెళ్లి కార్డు యూనికోడ్‌కు మారిస్తే 'శ్రీ' విరుగుతోంది. ఏం చేయాలి?

కోరల్ మామ: పనితనం ఉన్నోడు పేరు దాచుకోడు. సొంత పేరు వేసుకోవడానికి భయమెందుకో నాకు అర్థం కాదు.

పాలమూరు గీత: భయమే అన్నా. చెప్తా వినండి. బతుకమ్మ ఫ్లెక్సీ కింద మూలన ఒకసారి నా పేరు, నంబర్ వేసుకున్నా. తొమ్మిది రోజులు చౌరస్తాలో ఉంది. రాత్రి పదకొండుకు ఫోన్లు, "మేడం, డీపీ బాగుంది" అని. మా నాన్న ఫోన్ లాక్కున్నాడు, చేతిలో ఉన్న పని సగం పోయింది. సంస్థ పేరు పెట్టి నంబర్ మార్చాక అదే జనం "సార్‌కు ఇవ్వండి" అంటున్నారు. సార్ ఎవరూ లేరు, నేనే. ఆ లేని సార్‌కు రాత్రిపూట ఎవరూ ఫోన్ చేయరు. ఇప్పుడు చెప్పండి మీ చెక్కు సంగతి.

రాత్రి డ్యూటీ: మామా, ఉన్నావా?

కోరల్ మామ: ఉన్న. ఆ మాట అనకుండా ఉండాల్సింది, చెల్లె. నా సంగతి కూడా విను. గడియారం సెంటర్ దగ్గర ఒక షాపులో తొమ్మిదేళ్లు చేసిన. ఎలక్షన్లొస్తే తెల్లారేదాకా అక్కడే. ప్రతి ఫ్లెక్సీ మూలన షాపు పేరే. బయటికొచ్చాక ఒక స్కూల్లో పని అడగడానికి పోయిన. "మీరు చేసినవి చూపించండి" అన్నారు. వాళ్ల గేటు మీద లోగో నేను గీసిందే. అదే చూపించిన. "అది షాపోళ్లది కదా" అన్నారు.

పాలమూరు గీత: మీ పేరు మింగింది పరాయి సంస్థ. సొంత సంస్థ పెడితే ఎవరు మింగుతారు?

కోరల్ మామ: నేనే మింగుతా. నా దగ్గర ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. బోర్డు పెట్టిన రోజు నుంచి వాళ్లు గీసింది నా బోర్డుకు పోతుంది.

పాలమూరు గీత: మూలన వాళ్ల పేర్లూ వేయండి.

కోరల్ మామ: సంచి మీద నా పేరే వేయనీయరు, ఇక పిల్లలదా?

పాలమూరు గీత: అట్లయితే వాళ్లు చేసినవి వాళ్ల దగ్గర పెట్టుకోనివ్వండి, బయటికిపోతే చూపించుకుంటారు. బోర్డు లేకపోతే మాత్రం ఆ పని వాళ్ల పేరు మీద పోతోందా? మీ పేరు మీదే కదా పోయేది.

సంచి డిజైనర్: నేనొక్కడినే అన్నా, నా దగ్గర పిల్లలెవరూ లేరు. నిన్న రాత్రి ఉద్యం చేసేశా. బిల్లు పైన సంస్థ పేరు, కింద నా పేరు వేస్తున్నా. ముందు 'శ్రీ' ఉండాల్సిందేనని మా అమ్మ పట్టు.

అను ఫాంట్ బాధితుడు: ప్రింట్‌కు ఇచ్చే ముందు ప్రూఫ్ చూసుకో తమ్మీ.