చంటిపిల్లలతో మొదటిసారి థీమ్ పార్కు: బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్ళాలా, హైదరాబాదా?

గంజాం_కోడలు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో బరంపురం. పెద్దవాడికి రెండున్నరేళ్ళు, చంటిదానికి ఎనిమిది నెలలు. డిసెంబరులో పిల్లల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. అత్తగారు, మామగారు, మా ఆడపడుచు వాళ్ళు కూడా వస్తారు. మావారు రామోజీ ఫిల్మ్ సిటీ అంటున్నారు. ఆడపడుచేమో దగ్గర్లో భువనేశ్వర్‌లో వండర్‌లా ఉండగా అంత దూరం ఎందుకంటోంది. చంటిదానికి ఇంకా నా పాలే ఎక్కువ, పూటకోసారి ఉగ్గు పెడుతున్నాను. పెద్దాడు మధ్యాహ్నం పడుకోకపోతే సాయంత్రానికి ఇల్లు పీకి పందిరేస్తాడు. ఇంత చిన్నపిల్లలతో వెళ్ళినవాళ్ళు రోజంతా ఎలా నెట్టుకొచ్చారు? ఏం తీసుకెళ్ళారు? తెలిసినవాళ్ళు చెప్పండి, బాగా టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి_వాసి:
అమ్మా, ఈ వయసు పిల్లలకు భువనేశ్వరే నయం. వండర్‌లా అక్కడ 2024లో తెరిచారు. ఖుర్దా జిల్లాలో కుంభారబస్తా దగ్గర ఉంది. మీరు బరంపురం నుంచి కారులో వస్తే ఊళ్ళోకి వెళ్ళకముందే తగులుతుంది, భువనేశ్వర్ ట్రాఫిక్‌తో పనే లేదు. దారంతా పదహారో నంబరు హైవే. మధ్యలో రంభలోనో బర్కుల్‌లోనో ఆగండి. రెండు చోట్లా చిలికా సరస్సు ఒడ్డున టూరిజం వాళ్ళ హోటల్, పంథనివాస్ ఉంది. పిల్లలకు కాళ్ళు సాగుతాయి, మీరు నిదానంగా కూర్చుని పాలివ్వొచ్చు. కారులో చంటిదాన్ని ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పసిపిల్లలకు చాలా ప్రమాదం.

ఇంకో సంగతి. వండర్‌లాలో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు ఉంటే టికెట్ లేదు. అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్. రెండున్నరేళ్ళ పిల్లలు సరిగ్గా ఆ 85 అటూ ఇటూ ఉంటారు. కాబట్టి ఇంట్లోనే చెప్పులు తీసేసి, గోడకు ఆనించి టేపుతో కొలుచుకుని వెళ్ళండి. రైడ్లకు కూడా ఎత్తే లెక్క. పెద్ద రైడ్లు మీవాడికి ఎలాగూ కుదరవు. అక్కడికెళ్ళాక లైన్లో నిలబడి తెలుసుకుంటే వాడి ఏడుపు ఆపలేరు. ఏవి ఎక్కనిస్తారో ముందే వెబ్‌సైట్‌లో చూసుకుని, వాడికి వాటి గురించే చెప్పండి.

ధర్మాబాద్_అక్క:
నేను ఒప్పుకోను అన్నయ్యా. ఎనిమిది నెలల పాప, ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నారంటే రామోజీయే మంచిది. మేం నాందేడ్ జిల్లా వాళ్ళం, ఇక్కడందరం హైదరాబాదుకే వెళ్తాం. ఖోపోలి దగ్గరున్న ఇమాజికా థీమ్ పార్కు మా మహారాష్ట్రలోనే ఉన్నా మాకు హైదరాబాదే దగ్గర. మా చిన్నోడు పాలు తాగే వయసులోనే రామోజీ చూసొచ్చాం. అక్కడ బస్సులో కూర్చోబెట్టి సెట్లన్నీ తిప్పి చూపిస్తారు. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా హాయిగా చూశారు. మావాడు బస్సు కదలగానే నిద్రపోయాడు. తోటలున్నాయి, పక్షుల పార్కుంది, సీతాకోకచిలుకల పార్కుంది. పిల్లలకు ఫండుస్తాన్ అని వేరే ఆటల చోటు ఉంది. వండర్‌లాలో సగం ఆనందం నీళ్ళలోనే. ఎనిమిది నెలల పాపను నీళ్ళలో దింపలేరు కదా, తల్లి ఒడ్డునే కూర్చోవాలి. ఆ తల్లి కూడా సెలవు మీదే వచ్చింది, ఆమె సంగతి కూడా ఆలోచించాలి.

రామోజీ చాలా పెద్దది. ఒక్కరోజులో మొత్తం చూడాలన్న పట్టుదల వద్దు. పొద్దున బస్సు టూరు, భోజనం, నీడలో పిల్లల్ని పడుకోబెట్టడం, తర్వాత ఫండుస్తాన్. అంతే చాలు. సంక్రాంతి సెలవుల్లో మాత్రం వెళ్ళకండి, కాలు పెట్టే సందుండదు.

సిరొంచ_నాన్న:
సెలవుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పక్క రాష్ట్రాల్లో, సరిహద్దులో ఉన్న తెలుగువాళ్ళం కాబట్టి మనకు ఒక లాభం ఉంది. మన స్కూలు సెలవులు వేరు, పార్కు ఉన్న రాష్ట్రం సెలవులు వేరు. మా మహారాష్ట్రలో దీపావళికి చాలా రోజులు సెలవులిస్తారు. తెలంగాణలో దసరాకే పెద్ద సెలవులు, దీపావళికి పెద్దగా ఉండవు. దీపావళి అయిపోయాక మంగళవారమో బుధవారమో హైదరాబాద్ వండర్‌లాకు వెళ్తే లైన్లు చాలా తక్కువ. మేం కాళేశ్వరం బ్రిడ్జి దాటి అప్పుడే వెళ్ళాం. ఒడిశావాళ్ళకు దీనికి తిరగేసి చూసుకోవాలి. జూన్ నడుమ రజ పండుగకు భువనేశ్వర్‌లో రద్దీ. జనవరి సంక్రాంతి వారంలో తెలుగు రాష్ట్రాల్లో రద్దీ. మీరు డిసెంబరు అంటున్నారు కాబట్టి క్రిస్మస్ దాకా ఆగకుండా మొదటి రెండు వారాల్లోనే వెళ్ళిరండి. మీ పిల్లలకింకా బడి లేదు, వారం మధ్యలో వెళ్ళే అదృష్టం ఇప్పుడే ఉంది.

అక్కా, రామోజీకైనా హైదరాబాద్ వండర్‌లాకైనా వెళ్ళేటట్టయితే ఎల్.బి.నగర్, హయత్‌నగర్ వైపు రూమ్ తీసుకోండి. రామోజీ విజయవాడ రోడ్డు మీద, వండర్‌లా రావిర్యాలలో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన. రెండూ ఊరికి అదే వైపు. చాలామంది స్టేషన్ దగ్గరని సికింద్రాబాద్‌లో దిగి, పొద్దునే పిల్లల్ని లేపి ఊరంతా దాటుకుని వస్తారు. పార్కు గేటు దగ్గరికి వచ్చేసరికే పిల్లలు డీలా పడిపోతారు.

గంజాం_కోడలు:
ఇన్ని వివరాలు చెప్పినందుకు సంతోషం. రైల్లో హైదరాబాద్ వెళ్ళేటట్టయితే చంటిదాన్ని రాత్రంతా ఎలా పడుకోబెట్టాలి? ఫలక్‌నుమా గానీ విశాఖ ఎక్స్‌ప్రెస్ గానీ చూస్తున్నాం. ఇంకోటి, నీళ్ళ దగ్గర చంటిదాన్ని కాసేపైనా కూర్చోబెట్టొచ్చా?

రాయగడ_నర్సమ్మ:
నేను పిల్లల వార్డులో చాలాకాలంగా పనిచేస్తున్నాను, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

నీళ్ళ సంగతి ముందు. ఎనిమిది నెలల పాపను పబ్లిక్ పూల్‌లో దింపొద్దు. ఆ వయసు పిల్లలు ఒళ్ళు తడిస్తే త్వరగా చల్లబడిపోతారు, నీళ్ళు మింగుతారు. క్లోరిన్ వేసినంత మాత్రాన క్రిములన్నీ వెంటనే చావవు. మామూలు డైపర్ నీళ్ళు పీల్చి ఉబ్బిపోతుంది. పాప సరదా పడితే టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసి రూములోనే ఆడించండి. పెద్దవాణ్ణి దింపొచ్చు, కానీ చేతికి అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. పసిపిల్లలు జానెడు లోతులో కూడా మునుగుతారు, మునిగేటప్పుడు కేక కూడా వెయ్యరు. అక్కడే కూర్చుని కబుర్లలో ఉన్నవాళ్ళకు కూడా తెలియదు. ఈ ఒక్క విషయంలో దయచేసి ఎవరూ మొహమాటపడొద్దు. "బాబును నువ్వు చూస్తున్నావా, నేను చూస్తున్నానా" అని నోరు తెరిచి అడిగి, అవునన్నాకే పక్కకు వెళ్ళండి.

పాలు, తిండి. పాప అడిగినప్పుడల్లా మీ పాలివ్వండి, ప్రయాణంలో అంతకంటే శుభ్రమైనది ఇంకోటి లేదు. పాలిచ్చే గది ఎక్కడుందో గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి. పాప ఏడ్చాక వెతుక్కోవడం కష్టం. ఉగ్గు పొడి ఇంట్లో వేయించి, పొడి కొట్టి డబ్బాలో పెట్టుకోండి. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు ఉంటే సరిపోతుంది. బయట తిండి లోపలికి రానివ్వకపోయినా, పసిపిల్లల కోసం తెచ్చుకున్నదని చెప్తే సాధారణంగా ఒప్పుకుంటారు. డబ్బా పాలు పట్టేవాళ్ళు కలిపిన పాలను రెండు గంటలకు మించి ఉంచొద్దు. పాప మూతి పెట్టాక మిగిలినవి గంటలోపు పారబోయండి.

ఓఆర్ఎస్ రెండు ప్యాకెట్లు సంచిలో ఉండాలి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే మొత్తం ప్యాకెట్ లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. చిటికెడు తీసి గ్లాసులో వేస్తే ఉప్పు పాళ్ళు చెడిపోతాయి. షాపుల్లో అట్టపెట్టెల్లో తియ్యగా అమ్మే జ్యూసులు ఓఆర్ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళు లేని డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడకూడదని 2025 అక్టోబరులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. అయినా పాత అలవాటుకొద్దీ షాపువాళ్ళు అవే చేతిలో పెడతారు, మెడికల్ షాపులో ప్యాకెట్ చూసి కొనండి.

మీ పాపకు తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా ఉంటుంది. ప్రయాణం దాని తర్వాత పడేలా చూసుకోగలిగితే మరీ మంచిది, పదిమందిలో తిరిగే చోటు కదా. టీకా వేసిన వారం, పది రోజులకు కొందరికి కాస్త జ్వరం రావొచ్చు, అది కూడా లెక్క వేసుకోండి. డీజే పాటలు పెట్టే చోట పాపను స్పీకర్లకు దూరంగా ఉంచండి.

పర్లాకిమిడి_వాసి:
నీళ్ళలోకి దిగేవాళ్ళకు నైలాన్ బట్టలు ఉండాలి, కాటన్‌తో దిగనివ్వరు. అక్కడే కొనాలంటే ఖర్చు. బరంపురంలోనే పెద్దాడికి ఒక జత కొనేయండి.

ధర్మాబాద్_అక్క:
రైల్లో నిద్ర గురించి అడిగారు కదా. కింది బెర్తు మీద పాపను గోడ వైపు పడుకోబెట్టి మీరు బయటి వైపు పడుకోండి. చాలామంది చీరతో ఊయల కడతారు. మేం కూడా పాత నూలు చీరను రెండు మడతలు వేసి, ఎదురెదురు మధ్య బెర్తుల గొలుసులకు ముడివేసి, నేలకు మూరెడు ఎత్తులోనే వేలాడేలా కట్టాం. ఎత్తుగా కట్టొద్దు, కింద దుప్పటి పరవాలి, ఒక మనిషి మేలుకుని చెయ్యి వేసి ఉండాలి. పట్టు చీర, సింథటిక్ చీర ముడి జారిపోతుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు వద్దంటే టికెట్ లేదు. కానీ మీ పెద్దాడికి ఒక బెర్తు తీసుకుంటే రాత్రి మీ నడుము బాగుంటుంది.

జయపురం_తాతయ్య:
అమ్మాయ్, నీ అత్తమామల తరఫున ఒక మాట చెప్తాను. తాత, మామ్మ వస్తున్నారు కాబట్టి పిల్లల్ని వాళ్ళ దగ్గర వదిలి రైడ్లు ఎక్కుదామని చాలామంది అనుకుంటారు. మనవల్ని ఎత్తుకోవడం మాకు సంతోషమే. కానీ కొత్త చోట, జనంలో, పరిగెత్తే రెండున్నరేళ్ళ పిల్లాణ్ణి మేం పట్టుకోలేం. చంటిదాన్ని మాకివ్వండి, నీడలో కూర్చుని ఆడిస్తాం. పెద్దాడు మాత్రం అమ్మానాన్నల్లో ఒకరి చేతిలో ఉండాలి. డిస్నీ పార్కుల్లో ఒకరు రైడ్ ఎక్కి దిగేదాకా రెండోవారు పిల్లాడితో ఆగి, తర్వాత మళ్ళీ లైన్ కట్టకుండా ఎక్కే పద్ధతి ఉంది. మన దగ్గర కూడా రైడ్ దగ్గరి కుర్రాణ్ణి అడిగి చూడండి. కాదంటే మీరిద్దరూ వంతులవారీగా ఎక్కండి.

మా జయపురం, కోరాపుట్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళు సాలూరు ఘాటీలో పిల్లలకు వాంతులవుతాయని గుర్తుపెట్టుకోండి. కడుపు నిండా పెట్టి బయల్దేరొద్దు. నాలుగు మరమరాలు నమలనిచ్చి, కిటికీ తీసి కూర్చోబెట్టండి.

సిరొంచ_నాన్న:
తప్పిపోవడం గురించి ఎవరూ రాయలేదు. పొద్దున హోటల్ దగ్గరే పెద్దాడిని ఆ రోజు వేసిన బట్టల్లో ఫోటో తీసి పెట్టుకోండి. బట్టలు మెరిసే రంగువి వేయండి. ముంజేతి మీద రెండు ఫోన్ నంబర్లు పెన్నుతో రాసి, పైన ప్లాస్టర్ అతికించండి, నీళ్ళలో చెరిగిపోకుండా. మీ పిల్లాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, అక్కడి సిబ్బంది ఒడియాలోనో హిందీలోనో అడుగుతారు, భయంలో వాడు నోరు విప్పడు. ఆ నంబరే వాడి తరఫున మాట్లాడుతుంది.

గంజాం_కోడలు:
మావారికి, మామగారికి ఇదంతా చదివి వినిపించాను. ఈసారికి భువనేశ్వరే అనుకున్నాం, చంటిది నడిచాక రామోజీ. నర్సమ్మ గారూ, టీకా ముందే వేయిస్తాం. ఒకరోజు పార్కు, ఒకరోజు నందన్‌కానన్ జూ పెట్టుకుంటే సరిపోతుందా? రూమ్ ఎక్కడ చూడాలి?

పర్లాకిమిడి_వాసి:
సరిపోతుంది. నందన్‌కానన్‌కు సోమవారం సెలవు, అది చూసుకుని రోజులు పెట్టుకోండి. జూ రెండోరోజు పెట్టండి. మొదటిరోజు అలసట ఉన్నా అక్కడ మీ ఇష్టమొచ్చినప్పుడు బయటికి రావొచ్చు. రూమ్ పార్కుకు దగ్గరగా, ఖుర్దా వైపు దొరికితే మేలు. ముందు రోజు సాయంత్రానికే చేరుకుంటే పిల్లలు కొత్త చోట ఒక రాత్రి పడుకుని లేస్తారు. పొద్దున గేటు తెరిచేసరికి వెళ్ళి, పదకొండున్నర, పన్నెండుకల్లా పెద్దాడి రైడ్లు ముగించండి. తర్వాత భోజనం, నిద్ర. తువ్వాలు, పల్చటి దుప్పటి ఉంటే చెట్టు నీడలో బెంచీ మీదే పడుకుంటాడు. లేచాక ఉత్సాహంగా ఉంటే మళ్ళీ తిప్పండి, మూడుకే చిరాకు పడితే రూముకు వచ్చేయండి. టికెట్ డబ్బులు పోయాయని ఐదు దాకా ఈడ్చకండి.

బుక్ చేసేముందు హోటల్‌కు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: వేణ్ణీళ్ళకు కెటిల్ ఉందా, రాత్రి పూట పప్పు, అన్నం మెత్తగా వండి ఇస్తారా, అత్తగారి వాళ్ళకు కింది అంతస్తులో గది దొరుకుతుందా.