'ఓక్ పీపాలో మాగిన వైన్' అనొచ్చా?

ప్రశ్న: ఎవొరా ఊరి పోర్చుగీసు రెడ్ వైన్ 'కర్తూషా' గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 'ఓక్‌లో ఏజ్ చేసిన' అన్నదాన్ని 'వయసు పెంచిన' అని రాస్తే చదవడానికి బాగోలేదు. 'ఊరబెట్టిన' అనాలా, 'మాగబెట్టిన' అనాలా? వైన్‌ని 'ద్రాక్ష సారా' అంటే సరిపోతుందా?

జవాబు: సారా మాత్రం వద్దండీ. సారా అంటే కాచి, ఆవిరి పట్టి దించేది. వైన్ కల్లులాగా పులిసేది. తెలుగు బైబిల్లో 'ద్రాక్షారసం' ఉంది గానీ, బయట ఆ మాట వింటే జ్యూస్ అనుకుంటారు. ద్రాక్షాసవం అంటే ఆయుర్వేద మందు. కాబట్టి వైన్ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే.

ఇక అసలు సంగతి. నా ఓటు 'మాగిన'కే. పచ్చి సపోటా కొరికితే నాలుక పట్టేస్తుంది చూడండి, ఆ వగరుకు కారణం టానిన్లు. కాయ మాగితే అది పోతుంది. కొత్త రెడ్ వైన్‌లోనూ వగరు టానిన్లదే. ఓక్ చెక్క సందుల్లోంచి కొద్దికొద్దిగా గాలి తగిలి, నెలల మీద ఆ వగరు మెత్తబడుతుంది. అదే 'మాగడం'. లోపలివైపు మంటతో కాల్చిన పీపా అయితే వెనిలా, లవంగం లాంటి వాసనలు కూడా పడతాయి. ఆ ఒక్క పనికి 'ఊరింది' అన్నా తప్పులేదు.

ఈ వైన్‌కి 'పీపా' అనే మాట ఎంత బాగా అతుకుతుందో! బాల్చీ, మేస్త్రీ, అలమారా లాగే అదీ మనకు పోర్చుగీసు నుంచి వచ్చిందే. పోర్చుగల్‌లోని దౌరో లోయలో పీపా అంటే నేటికీ ఒక కొలత, 550 లీటర్లు. ఇప్పటి లేబుళ్ల మీద చిన్న పీపాకు 'బరీకా' అని ఉంటుంది, కానీ తెలుగులో రెండింటికీ పీపా చాలు. తారు పీపా, నూనె పీపా అని ఎలాగూ అంటూనే ఉన్నాం. ఓక్ చెట్టుకు 'సింధూరం' అనే తెలుగు పేరుంది గానీ, అది వాడకండి, నుదుటి బొట్టు గుర్తొస్తుంది.

మరొకరు: మా కృష్ణా జిల్లాలో మామిడికాయల్ని 'ముగ్గబెడతాం'. అది వాడకూడదా?

జవాబు: పండుకి చక్కగా సరిపోతుంది. కానీ 'ముగ్గిన వైన్' అంటే చాలామందికి ముక్కిన బియ్యం వాసన గుర్తొస్తుంది. వైన్ చేసేవాళ్లకి అంతకు మించిన తిట్టు లేదు.

ఇంకొకరు: వ్యాసంలో 'మఠంలో మాగిన వైన్' అని మాత్రం రాయకండి. కర్తూషా అంటే కార్తూసియన్లనే క్రైస్తవ సన్యాసుల మఠం. ఎవొరాలో ఆ మఠం 1587లో మొదలైంది. 1834లో పోర్చుగల్ మఠాలను రద్దు చేసింది. 1960లో సన్యాసులు తిరిగొచ్చి, 2019 దాకా మౌనవ్రతంతో అక్కడే ఉన్నారు. ఈ వైన్ ఆ సన్యాసులు చేసింది కాదు. పాత వైనరీ ఉన్నది దగ్గర్లోని వల్బోం ఎస్టేట్‌లో. అది ఒకప్పుడు జెసూట్లనే మరో క్రైస్తవ సంఘం వాళ్ల విశ్రాంతి గృహం. 1759లో వాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టారు, 1776 నాటికి అక్కడ ద్రాక్ష గానుగ నడుస్తోంది. 'మఠం పేరు పెట్టుకున్న వైన్' అనండి, సరిగ్గా ఉంటుంది.