గార్డు తీసి ప్రెస్ నడిపితే పరిహారం అడగకూడదా?

గుణదల వాసి:
మా బావ విజయవాడ ఆటోనగర్‌లో, మిషన్ అచ్చుతో (డై) రేకులు నొక్కే ఒక చిన్న ప్రెస్ షాపులో పనిచేసేవాడు. వయసు 30, జీతం నెలకు 16 వేలు. 2025 మే నెలలో రేకు సర్దుతుండగా డై దిగి ఎడమచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. ఆ రోజు మిషన్‌కు, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుగా బిగించే గార్డు లేదు. ఓనరు ఆసుపత్రి బిల్లు కట్టారు. ఇన్నాళ్లూ తిప్పుకొని, ఇప్పుడు లక్ష ఇస్తాను, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమంటున్నారు. "గార్డు తీసింది నువ్వే, చట్టప్రకారం నాకు బాధ్యతే లేదు" అంటున్నారు. షాపులో ఉన్నది ఏడుగురే, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) లేదు. పనివాడిది తప్పైతే నిజంగా ఏమీ రాదా?

ప్రెస్ షాపు ఓనరు:
నాదీ అక్కడే షాపు, కాబట్టి మా వైపు సంగతి కూడా వినండి. గార్డు బిగించిన రెండో రోజుకే విప్పి మూలన పడేస్తారు. అరిస్తే ఆ పూట పెడతారు, నేను బ్యాంకుకో మెటీరియల్‌కో వెళ్లగానే మళ్లీ తీస్తారు. రక్షణ కోసం పెట్టినదాన్ని తెలిసి, కావాలని తొలగిస్తే పరిహారం లేదని చట్టంలో ఉంది. ఆ మాటకు విలువ లేకపోతే రాయడమెందుకు? ఐదారు లక్షలు కట్టాలంటే నాలాంటివాడు షాపు మూసేయాలి. అప్పుడు మిగిలిన ఆరుగురి సంగతేంటి?

గుంటూరు మిల్లు కార్మికుడు:
ఎందుకు విప్పుతారో కూడా చెప్పండి సార్. గార్డు ఉంటే పీసు పెట్టి తీయడానికి టైము పడుతుంది. సాయంత్రానికి లెక్క తగ్గితే తిట్టేది మీరే. మా స్పిన్నింగు మిల్లులోనూ అంతే, దూది ఇరుక్కుంటే మిషన్ ఆపి తీయాలని గోడ మీద రాసి ఉంటుంది, ఆపినవాడిని మాత్రం సూపర్‌వైజరు పిలిచి అడుగుతాడు. ఆపకుండా చెయ్యి పెట్టినవాడిని ఏ రోజూ ఎవరూ అడగలేదు, చెయ్యి పోయిన రోజు తప్ప.

లేబర్ కేసుల గుమాస్తా:
గుణదల గారూ, సంతకం మాత్రం పెట్టనివ్వకండి. నేను వకీలు దగ్గర ఇలాంటి ఫైళ్లే చూస్తాను.

ఓనరు గారు చెప్పిన మినహాయింపు నిజమే, 1923 నాటి పరిహార చట్టం 3వ సెక్షన్‌లో ఉంది. కానీ అది ప్రాణం పోయినప్పుడు, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినప్పుడు వర్తించదు. మూడు వేళ్లు పోవడాన్ని ఆ చట్టంలోని షెడ్యూలు (నష్టాల పట్టిక) 30 శాతం నష్టంగా లెక్కగడుతుంది, అందుకని మీ బావ కేసులో ఆ వాదన తేవడానికి వాళ్లకు వీలుంది. 1976లో శ్రీనివాస్ సబాతా కేసులో ఎడమచేయి పోయిన వడ్రంగికి సుప్రీంకోర్టు నూరు శాతం వైకల్యం ఒప్పుకుంది. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కదా. మూడు వేళ్లకు అంతదాకా లాగడం కష్టం, ఆ ఆశ పెట్టను.

అసలు పోరాటమంతా "కావాలని తొలగించడం" దగ్గరే. గార్డు మూలన పడి ఉంటే ఓనరు కళ్లకు కనిపించదా? అది లేకుండా తయారైన సరుకు నెలల తరబడి లోడు చేయించి అమ్ముకున్నాక, ప్రమాదం రోజున మాత్రం అది పనివాడి మొండితనం అవుతుందా? ఈ ప్రశ్న వాళ్లను అడగాలి. గార్డు ఇచ్చామనీ, తీయొద్దని చెప్పామనీ, అయినా అతనే తీశాడనీ ఓనరే చూపించాలి. మిషన్ ఫొటోలు, జీతం ఫోన్‌పేలో పడిన వివరాలు, ఆసుపత్రి కేస్ షీటు, పక్క మిషన్ మీద పనిచేసినవాళ్ల మాట, ఇవి ఇప్పుడే పోగేయండి.

ఇక లెక్క. చట్టం జీతాన్ని 15 వేల వరకే తీసుకుంటుంది. అందులో 60 శాతం, అంటే 9 వేలు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. ఆ రెండూ గుణిస్తే వచ్చేదాంట్లో 30 శాతం, అంటే 5,61,546 రూపాయలు. నెల దాటితే 12 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 67 వేల పైనే. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆసుపత్రి ఖర్చు వేరు, దాన్ని పరిహారంలో మినహాయించుకోకూడదు.

హక్కు వదులుకుంటున్నానని రాసిన కాగితం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. రాజీ కుదిరితే కార్మిక శాఖలో పరిహార కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలి. చేయించకుండా డబ్బిస్తే తర్వాత కట్టాల్సిన పరిహారంలోంచి ఆ డబ్బులో సగానికి మించి తగ్గించుకోవడం ఓనరుకు కుదరదు, కమిషనరు ఒప్పుకుంటే తప్ప. ఈ సంగతి ఓనర్లకూ తెలియడం మంచిది.

గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. 2025 నవంబరు 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లో ఉంది గానీ, ఇది అంతకు ముందు జరిగింది కాబట్టి పాత చట్టం కిందే వేయండి.

ప్రెస్ షాపు ఓనరు:
ఆ రిజిస్ట్రేషన్ విషయం నాకు తెలియదు. అయినా ఒక మాట. రోజంతా మిషన్ పక్కన నిలబడి కాపలా కాయలేను కదండీ?

లేబర్ కేసుల గుమాస్తా:
కాయనక్కర్లేదు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప డై దిగని ఏర్పాటు ఉంది, చెయ్యి లోపల ఉండగా మిషన్ కదలదు. పెడల్ మీద నడిచే పాత ప్రెస్‌కు గార్డు ఉండాల్సిందే, అది తీయకుండా ఉండాలంటే పీసుల లెక్క తగ్గించాలి. షాపు మూతపడుతుందనే భయానికి ఇన్సూరెన్సు కంపెనీల దగ్గర ఉద్యోగుల పరిహార పాలసీ దొరుకుతుంది, తీసుకోండి. పదిమంది, అంతకు మించి ఉన్న షాపుల్లో ఈఎస్ఐ ఉంటే ఈ తగవే ఉండదు. యజమాని పని కోసం చేస్తూ రూలు తప్పినా అది పనిలో జరిగిన ప్రమాదమేనని, కొత్త కోడ్ వచ్చేదాకా ఉన్న ఈఎస్ఐ చట్టం 51బి సెక్షన్ చెప్పేది. శాశ్వత నష్టానికి నెలనెలా బతికున్నంతకాలం డబ్బు వస్తుంది. చిన్న షాపుల వాళ్లకు మాత్రం తప్పెవరిదన్న గొడవ మిగలడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. మిషన్ అదే, తెగే వేళ్లూ అవే.

గుంటూరు మిల్లు కార్మికుడు:
పక్క మిషన్ వాళ్లు సాక్ష్యానికి రారు అన్నా, వాళ్ల ఉద్యోగం అక్కడే. మానేసి వెళ్లినవాళ్లను వెతకండి.

గుణదల వాసి:
ఇద్దరున్నారు, ఒకరు ఇప్పుడు తెనాలిలో పని చేస్తున్నారు. ఆదివారం వెళ్లి మాట్లాడతాం. స్టాంపు పేపరు వెనక్కి ఇచ్చేశాం.