మిరప కోతల కూలీల పిల్లలకు తట్టు టీకా అందించేదెలా?

గుంటూరు చుట్టుపక్కల మిరప కోతలకు వలస వచ్చినవాళ్లు చీకటి పడ్డాకే గుడిసెలకు చేరతారు. తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకా పొడిలో ద్రావణం కలిపాక 4 గంటలే పనికొస్తుంది. ద్రావణం కూడా 2–8 డిగ్రీల్లోనే ఉండాలి. తరచూ మరిచేది ఇదే. ఐస్‌ప్యాక్ ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడే టీకాలు మోసే క్యారియర్‌ పెట్టెలో పెట్టాలి. సాయంత్రం 9 నెలలు నిండిన బిడ్డ ఒక్కరే దొరికినా సీసా విప్పాల్సిందేనండీ, మిగిలిన డోసులు పోయినా సరే.

అసలు చిక్కు తట్టు సోకిన పిల్లలతో. ఏడాది దాటినవాళ్లకు విటమిన్‌-ఎ రోజుకు 2 లక్షల యూనిట్ల చొప్పున వరసగా రెండు రోజులు పట్టాలి. రెండో రోజుకు కుటుంబం ఇంకో చేనుకు వెళ్లిపోతుంది. మేస్త్రీల ద్వారా జాడ తీసే పద్ధతి ఎవరైనా నడిపారా? టీకా కార్డు లేని పిల్లల పేర్లు ఎక్కడ, ఎలా రాస్తున్నారు?